లావు తీగ

ఆ సందు మొగలో ట్రాన్స్‌ఫార్మర్ నిలబెట్టిన రోజున నేనూ ఉన్నాను. లైన్‌మన్‌గా నాకది మొదటి ఏడాది. అప్పుడు సందులో అరవై ఇళ్లు, ఇంటికి రెండు ఫ్యాన్లు. ఇప్పుడు ఆ ఇళ్ల మీద అంతస్తులు లేచి మూడువందల కాపురాలయ్యాయి. బల్బులకని దరఖాస్తు పెట్టుకుంటారు, గోడకి కన్నం కొట్టి ఏసీ బిగిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే. అరవై మందికి వండిన అన్నం మూడువందల మందికి వడ్డించమంటే ఎవడి తరమండీ?

ఎండాకాలం మధ్యాహ్నమైతే చాలు, ఫ్యూజు ఢామ్మని పోయేది. జనం నన్ను తిట్టేవారు. తిట్లు నాకు లెక్క కాదు. నా భయమంతా మా అక్క గురించే.

అక్కకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ సందులోనే మూడో అంతస్తులో, కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను పక్కనే దాని మంచం. కరెంటు పోతే చిన్న సిలిండరు గంటసేపు వచ్చేది. ఆ గంటలోగా నేను స్తంభం ఎక్కాలి.

"నా ప్రాణం నీ కటింగ్‌ప్లేయర్‌లో ఉందిరా తమ్ముడూ," అని నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది.

"నోరు మూసుకుని ఊపిరి పీల్చవే," అనేవాణ్ణి.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని మూడుసార్లు రాసిచ్చాను. "లిస్టులో ఉందయ్యా. ఊరు ఏ మూల చూసినా పెరిగిపోతోంది, అందరూ అడిగేవాళ్లే. జేబులోంచి తీసివ్వనా?" అన్నాడు ఇంజినీరు. పాపం, ఆయన్నీ అనడానికి లేదు.

ఒక మంగళవారం ఫ్యూజు మూడుసార్లు పోయింది. మూడోసారి బాగుచేసి మేడెక్కేసరికి సిలిండరు ముల్లు సున్నా దగ్గరుంది, అక్క పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ సాయంత్రం, మా లైన్‌మన్లందరూ చేసేదీ, ఏ ఆఫీసరుకీ చెప్పనిదీ నేనూ చేశాను. సన్న తీగ తీసేసి, లావు తీగ మూడు పోగులు మెలేసి బిగించాను. ఫ్యూజు కాలేది ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడటానికని నాకు తెలియదా? తెలుసు. తెలిసే చేశాను.

పదకొండు రోజులు ఫ్యూజు ఉలకలేదు, పలకలేదు. సందులోవాళ్లు పిలిచి టీ ఇచ్చారు. కొత్తగా ఇంకో నాలుగు ఏసీలు బిగించారు. అక్క కంటినిండా నిద్రపోయింది. "ఇప్పటికి పనివాడివయ్యావురా," అంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయింది. నల్లటి పొగ, రోడ్డంతా నూనె. తర్వాత చూస్తే నేను వేసిన తీగ చెక్కుచెదరలేదు.

"ఇంకోటి రావాలంటే ఐదు రోజులు," అన్నాడు ఇంజినీరు ఫోనులో.

బావా నేనూ అక్కను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపి, ఆటో ఎక్కించాం. కొత్త అపార్టుమెంట్లకు కేబుల్ వేయడానికి పెద్దరోడ్డు తవ్వేశారు. బండి కదల్లేదు. సిలిండరు అక్కడే అయిపోయింది. అక్క నా చొక్కా పట్టుకుని, "తొందరగా ఎక్కరా," అంది. ఎక్కడానికి స్తంభమేదీ? ఎదురుగా ఆస్పత్రి కనబడుతూనే ఉంది. అక్క చెయ్యి జారిపోయింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పాతదాని సైజే. సన్న తీగ వేశాను. మర్నాడే పోయింది. మళ్లీ సన్నదే వేశాను, మళ్లీ పోయింది. నాలుగో రోజు జనం స్తంభం చుట్టూ మూగారు. వాళ్లలో ఒకావిడ అంది: "మీ అక్క ఉన్నప్పుడు పదకొండు రోజులు ఒక్కసారీ పోలేదు కదయ్యా. మేం మనుషులం కామా?"

సన్న తీగే బిగించి దిగాను.

నా మీద ఫిర్యాదు వెళ్లింది. నన్ను స్టోర్సుకి మార్చి, ఆ సందుకి వేరే లైన్‌మన్‌ని వేశారు. మొన్న బావ ఫోన్ చేశాడు. అక్క మిషను పక్కింటి పెద్దాయనకి ఇచ్చేశాడట, ఆయనదీ అదే జబ్బట.

"కొత్తతను భలే పనిమంతుడురా. వచ్చి తొమ్మిది రోజులైంది, ఫ్యూజు ఒక్కసారి పోతే ఒట్టు."

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఆ తీగ తీయించమని చెప్పు."

"ఊరుకోరా," అన్నాడు బావ. "ఆ పెద్దాయన ఇప్పుడిప్పుడే కంటినిండా నిద్రపోతున్నాడు."