బోరునీళ్ళ చారలు

ఆదివారం పొద్దున నీలవేణి బాత్‌రూమ్ తలుపు తీసేసరికి స్నానాల టబ్బు పక్కవీధి దాకా సాగి ఉంది. ఈ చివర నిలబడితే ఆ చివర కొళాయి మిణుగురంత కనిపిస్తోంది. అదేమీ నీలవేణికి వింతగా తోచదు. తోమాల్సింది ఎక్కువైందే అనుకుని కొంగు దోపుకుంటుంది.

నల్లగొండ బోరునీళ్ళు. టబ్బు చుట్టూ పసుపు చారలు, తెల్ల చారలు ఒకదాని మీద ఒకటి గట్టిపడి గోటికి ఊడవు. నిరుడు వానాకాలం, ఏడో నెలలో కడుపులో బిడ్డ పోయినప్పటి నుంచి ఆ టబ్బును ఎవరూ తోమలేదు. నీలవేణీ, ఆమె భర్త వీరాచారీ మాట్లాడుకోవడం కూడా అప్పుడే మానేశారు. తగవేమీ లేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని ఇద్దరికీ భయం, అంతే.

ఆమె వెనిగర్ వేడిచేసి, పాత చీరముక్కలు ముంచి చారల మీద పరుస్తుంది. కాసేపటికి చార బుసబుసా పొంగుతుంది. పగిలిన ప్రతి బుడగా ఒక మాట అంటుంది.

"తిన్నవా?" అంటుంది ఒకటి.

"కిటికీ మూసుకోరాదు, సలి పెడ్తున్నది," అంటుంది ఇంకొకటి.

అన్నీ వీరాచారి గొంతే. అతను లోపల అనుకుని పైకి అనలేకపోయినవన్నీ నీళ్ళలోకి దిగి ఇలా పేరుకున్నాయన్నమాట. బోరునీళ్ళు దేన్నైనా పేరబెడతాయి. తిన్నానని, కిటికీ మూశానని నీలవేణి ఒక్కోదానికీ జవాబు చెబుతూ తోముతుంది.

మధ్యాహ్నానికి ఆ చివర నుంచి కూడా రాపిడి వినబడుతుంది. వీరాచారి మోకాళ్ళ మీద కూచుని నిమ్మచెక్కతో, ఉప్పుతో రుద్దుతున్నాడు. అటువైపు బుడగలకు ఆమె గొంతు ఉంది. అవి ఏమంటున్నాయో గానీ అతను మధ్యమధ్య భుజానికి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఇనుప పీచు వాడొద్దని, గీతలు పడతాయని ఆమె కేకేస్తుంది. వాడట్లేదని అతను కేకేస్తాడు. ఏడాదిలో వాళ్ళు పైకి అనుకున్న మొదటి మాటలివి.

పొద్దు వాలేసరికి ఇద్దరూ నడిమధ్యలో కలుస్తారు. అక్కడ అరచేయంత మరక మిగిలింది. వెనిగర్‌కు లొంగదు, వంటసోడాకూ లొంగదు. ఇద్దరూ చెవులు ఆనిస్తారు. లోపల ఏదో ఉంది, పలకదు.

"బిడ్డకు నువ్వొక పేరనుకున్నవ్ గదా," అంటాడు వీరాచారి. "నాకు చెప్పనే లేదు."

"నువ్వు సుత అనుకున్నవ్."

"అయితే ముందు నువ్వు చెప్పు."

"నాతోని కాదు. ఇద్దరం ఒక్కసారే చెప్తం."

శశి అంటుంది నీలవేణి. కళ అంటాడు వీరాచారి. రెండు పేర్లూ టబ్బు చివరి దాకా పోయి, గోడకు తగిలి, శశికళ అని ఒక్క పేరై తిరిగొస్తాయి. మరక అంచు లేస్తుంది. అది తొందరేమీ లేకుండా జారుకుంటూ తూము దగ్గరకు పోయి దిగిపోతుంది. వాళ్ళిద్దరూ ఆ తెల్లటి టబ్బులో పక్కపక్కన కూచుని, ఇక ఆపుకోకుండా, కడుపునిండా ఏడుస్తారు.

మెట్ల మీద అడుగుల చప్పుడవుతుంది. వీరాచారి లేచి వెళ్ళి తలుపు తీస్తాడు. నిరుడొచ్చిన వానే నిలబడి ఉంది, చెప్పులు గడప బయట విడిచి, కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని. లోపలికొస్తే నేల తడుస్తుందేమోనని మొహమాటపడుతుంది.

"తడిస్తే తడవనీ. రా," అంటుంది నీలవేణి.

వాన వచ్చి టబ్బు అంచున కూచుని జడ విప్పుతుంది. టబ్బు నిండుతూ ఉంటే, విప్పిన పాయల్లోంచి గువ్వలు ఒక్కొక్కటే రెక్కలే తెడ్లుగా ఈదుకుంటూ బయటికొస్తాయి.