దణ్ణాల రికార్డు

నేను ఒక గ్రామఫోను రికార్డును. లక్కతో చేసిన నల్లటి ఒళ్లు, నడుమ ఎర్ర కాగితం బొట్టు. ఆ బొట్టు మీద బంగారు అక్షరాలతో ‘ఏడుగురన్నల చెల్లెలు, జముకుల కథ, పాడినవారు పోలమ్మ, సింహాలు’ అని ఉంటుంది. దాన్ని నమ్మకండి. నాలో చెల్లెలూ లేదు, ఒక్క అన్నా లేడు.

నన్ను కన్నతల్లి పోలమ్మ. బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లో ఒంటితీగ వాద్యం జముకు మీటుతూ ఆమె కథ ఎత్తుకుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయినా ఆడవాళ్లు కదిలేవారు కాదు. ఆడబిడ్డ సింహాలు పక్కన నిలబడి వంత పలికేది. చరణం చరణానికీ “ఆ! అలగా!” అనడమే ఆవిడ పని. ముప్పై ఏళ్లుగా ఇంకో మాట పలకలేదు కనుక ఆవిడకు అంతకంటే ఏమీ రాదని ఊరు తేల్చేసింది. ఇలాంటివి తేల్చడానికి మనుషులకు ఆట్టే సమయం పట్టదు.

చెల్లెలి కథ పోలమ్మకు అమ్మమ్మ నేర్పింది. మూడు రోజులు సాగే ఆ కథ వచ్చినవాళ్లు ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు. కుర్రకారు అప్పటికే సినిమా పాటలకు మరిగారు. అందుకే మద్రాసు రికార్డుల కంపెనీ నుంచి పిలుపు రాగానే పోలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నాను సచ్చిపోయినా నా కత ఉంతాదే సింహాలూ!”

“ఆ! అలగా!” అంది సింహాలు.

ఇంజనీరు నటేశన్‌కు తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. రికార్డు ఒక్కో పక్కకు మూడు నిమిషాలనీ, ఎర్రదీపం ఆరితే ఆపాలనీ చేతులతో చెప్పాడు. చెల్లెలు వరద ఏరు దాటే ఘట్టం ఒక్కటే పాడాలని ఒప్పందం. పోలమ్మ బుద్ధిగా తలూపి, ఒక్కటే అడిగింది.

“ఈ ఊరి అమ్మోరు ఎవులు బాబూ?”

అడుగుపెట్టిన ఊరి తల్లికి దణ్ణం పెట్టకుండా కథ ఎత్తుకుంటే గొంతు పోతుందని వాళ్ల నమ్మకం. నటేశన్ నవ్వి, దీపం వెలిగించాడు.

పోలమ్మ ఇరకాటంలో పడింది. అంత పట్నంలో ఎందరు తల్లులున్నారో! పైగా రైలు ఎన్ని ఊళ్ల పొలిమేరలు దాటి వచ్చింది! ఎందుకైనా మంచిదని విజయనగరం నుంచి మొదలుపెట్టింది. పేరు తెలిసిన తల్లికి పేరుతో, తెలియని తల్లికి స్టేషను పేరుతో, ఒక్కరినీ వదలకుండా దణ్ణాలు పెట్టుకుంటూ సాగింది. బెజవాడ చేరేసరికి నా మొదటి పక్క అయిపోయింది. రెండో పక్కన కృష్ణ దాటి, తెనాలి, ఒంగోలు, నెల్లూరు తల్లులను తలచుకుని, గూడూరు జంక్షను తల్లిని చల్లగా చూడమని వేడుకుని, మద్రాసు తల్లులందరికీ కలిపి ఒక దణ్ణం, నటేశన్‌కు ఒకటి, ఎర్రదీపానికి ఒకటి పెట్టింది. అప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుని, “ఇంక కతలోకి ఎల్దామా సింహాలూ?” అంది.

దీపం ఆరిపోయింది.

నటేశన్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, “రొంబ బాగా ఉందమ్మా. పాపం, ఆ చెల్లెలు!” అన్నాడు. అలా పుట్టాను నేను.

బొబ్బిలి కాఫీ హోటల్లో నన్ను మొదటిసారి పెట్టిన రోజు జనం విరగబడి నవ్వారు. నాకు ‘దణ్ణాల రికార్డు’ అని పేరు పెట్టారు. పోలమ్మ మాత్రం గుమ్మం దగ్గరే చతికిలబడి, “అంత దూరం ఎల్లి నా కత వొగ్గీసి వచ్చినానే” అని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. కానీ తప్పు నాది కాదు, పోలమ్మదీ కాదు. రైలు మరీ ఎక్కువ స్టేషన్లలో ఆగింది.

ఆ తరువాత పదేళ్లకు పోలమ్మ పోయింది. కథ ఆమెతోనే పోయిందన్నారు. హోటలాయన నన్ను పట్నంలో ఒక జానపద ప్రదర్శనశాలకు ఇచ్చేశాడు. అక్కడ సీతాపతి అనే అధికారి వచ్చినవాళ్లందరికీ నన్ను వినిపించి, “అమూల్యమైన కథ. అంతరించిపోయింది” అని నిట్టూర్చేవాడు. ఆయనకు నిట్టూర్పు బాగా కుదిరేది.

సింహాలు ఇంకా బతికే ఉందని ఎవరో చెబితే, నా పక్కన నిలబెట్టి ఫోటో తీయడానికి ఆవిడను పిలిపించాడు. బోసినోటితో, చేతికర్రతో వచ్చింది. నన్ను తిప్పారు. వదిన గొంతు వినగానే నిటారుగా నిలబడి, ప్రతి తల్లికీ “ఆ! అలగా!” అంది.

“ఇంక కతలోకి ఎల్దామా సింహాలూ?” అని నేను ఎప్పటిలాగే ఆగిపోయాను.

“ఎల్దాం వదినా” అంది సింహాలు.

గొంతు సవరించుకుంది. సీతాపతి గబగబా టేపు యంత్రం నొక్కి, తన పాండిత్యం చూపించుకున్నాడు. “ముందు దణ్ణాలు పెట్టాలి కదమ్మా?”

“మా వదిన అందరికీ ఎట్టీసినాది బాబూ. ఇంకెవులు మిగిలినారు?”

సింహాలు కథ ఎత్తుకుంది. ముప్పై ఏళ్లు పక్కన నిలబడి విన్న కథ, ఒక్క ముక్క పొల్లుపోకుండా. నేనూ వినడం అదే మొదలు. చెల్లెల్ని ఎవరు మోయాలని ఏడుగురన్నలూ గట్టు మీద వాదులాడుకుంటుంటే, చెల్లెలు చీర బిగించి తానే ఏట్లోకి దిగింది.

అంతలో సింహాలు టక్కున ఆగి సీతాపతి వంక చూసింది.

“అలగ నోరు మూసుకుంతే కత నడవదు బాబూ. అనాల.”

అధికారి అటూ ఇటూ చూసి, కండువా సర్దుకుని, సన్నగా “ఆ! అలగా!” అన్నాడు.

ఆ టేపులో ఇప్పటికీ ఆయన గొంతు వినిపిస్తుంది. నేనూ అన్నాను. నా మీద గ్రామఫోను ముల్లు లేదు కనుక ఎవరికీ వినిపించలేదు.