మాఘమాసంలో పొత్తులు

"ఇందులో నువ్వు చేసేదేటుంది తాయారూ, అంతా ఫ్రిజ్జే చేస్తాది" అన్నారు మా ఆయన గణపతిరావు, పడక్కుర్చీలో కూర్చుని ఇంగ్లీషు పత్రిక తిరగేస్తూ. అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం, శ్రావణమాసం. ఆ ఉదయమే మా అమ్మ దాలమ్మ పాతపట్నం నుంచి రెండు రైళ్లు మారి, గంపెడు మొక్కజొన్న పొత్తులతో ఆమదాలవలసలో దిగింది. పెరట్లో తనే గొప్పు తవ్వి, తనే కాకులు తోలి పెంచిన పొత్తులు. నాకు పొత్తులంటే ప్రాణమని ఆవిడకి తెలుసు. గంప దించీ దించకముందే, "పొయ్యి ఎలిగించు తల్లీ. కోసిన పొత్తు పొద్దు దాటితే తీపి సచ్చిపోతాది" అంది.

పొయ్యి వెలిగించాను, కాల్చుకోవడానికి కాదు. ఆ ఏడాదే మా ఆయన విశాఖపట్నం నుంచి ఫ్రిజ్జు తెప్పించారు. ఫ్యాక్టరీ క్వార్టర్సులో మాదే మొదటిది. దానికో తాళం, ఆ తాళంచెవి మా అత్తగారు జగ్గమ్మగారి బొడ్లో. దొరసానులు పొత్తుల గింజలు ఐసులో పెట్టి ఏడాదంతా తింటారని పత్రికలో రాశారట. కాలం కాని కాలంలో పొత్తుల కూర పెడితే ఆఫీసర్లు నోరెళ్లబెడతారని ఆయన ముచ్చట. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదేనని ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది.

ఆయన చదువుతున్నారు, నేను చేస్తున్నాను. ఆకులు ఒలిచి, పీచు ఏరి, మరిగే నీళ్లలో వేసి, ఉడికీ ఉడకకముందే తీసి ఐసు నీళ్లలో ముంచి, కత్తిపీట మీద గింజలు కోసి, పాతచీర మీద తడి ఆర్చి, సంచుల్లో నింపి మూతి కట్టి. మధ్యలో ఐసు చాలక ట్రేలు నింపి మళ్లీ గడ్డకట్టే దాకా కాచుకోవడం, ఆ సందులోనే అందరికీ వంట, వడ్డన. చేతులు ఒకసారి వేడికి బొబ్బలెక్కాయి, ఒకసారి చలికి కొంకర్లు పోయాయి. ఆయన రెండుసార్లు కాఫీ అడిగారు.

అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది. అల్లుడి ఎదుట పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం రైలుకి వెళ్లే ముందు మాత్రం నా గడ్డం పట్టుకుని, "నువ్వు తిన్నావేటి?" అని అడిగింది.

"తిన్నానమ్మా" అన్నాను. అమ్మ నా చేతుల వైపు చూసి, తల ఊపి వెళ్లిపోయింది. నమ్మలేదని నాకు తెలుసు.

దసరాకి ఒక సంచి ఆడపడుచు అత్తవారికి వండాను, దీపావళికి ఇంకొకటి ఆయన స్నేహితులకి. తిన్నవాళ్లందరూ ఫ్రిజ్జునే మెచ్చుకున్నారు. ఆయన దాని తలుపు మీద చెయ్యి వేసి కొడుకు వీపు తట్టినట్టు తట్టేవారు. గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి గరిటె చప్పుడే ఉండేది. ఈ ఇంట్లో నాకని ఏదైనా తీసి ఉంచడం ఎన్నడూ లేదు. పెళ్లయిన కొత్తలో ఆకలేస్తోందంటే, మొగోలు తిన్నాక మిగిల్తే తిందువులే అన్నారు అత్తగారు. మెట్రిక్ పరీక్షకి చదువుకుంటానంటే, పనంతా అయ్యాక టైము మిగిలితే చూద్దాం అన్నారు మా ఆయన. ఇవేమీ దెబ్బలు కావు, ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు.

మాఘమాసంలో మా ఊరి నూకయ్య ధాన్యం బేరానికి వచ్చి మా గుమ్మంలో ఆగాడు. అమ్మ జ్వరంతో మంచం పట్టిందని, గంజి కూడా మింగడం లేదని చెప్పాడు. "ఏటి పెట్టినా మొకం తిప్పేత్తంది తల్లీ. జొన్నపొత్తు తింతానంతాది. మాగమాసంలో పొత్తులు నానెక్కడ తెత్తాను?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

ఫ్రిజ్జులో ఇంకా రెండు సంచులున్నాయి. ఆయన రాగానే అడిగాను. బూట్లు విప్పుకుంటూనే, రేపు కొత్త మేనేజరుగారూ భార్యా భోజనానికి వస్తున్నారని, పొత్తుల కూర సంగతి వాళ్లకి చెప్పేశానని అన్నారు. ఒక్క సంచి చాలదా అన్నాను. చాలకపోతే పరువు పోతుందన్నారు. అంత జ్వరంలో మీ అమ్మకి రుచేం తెలుస్తుందని కూడా అన్నారు. నేను అక్కడే నిలబడి ఉండటం చూసి కాస్త మెత్తబడ్డారు.

"మిగిలితే పంపిద్దాంలే."

నిజంగా దయతోనే అన్నారు. ఆ దయే నన్ను కోసేసింది. ఇన్నేళ్లూ ఆ మాట నన్ను అంటే మింగి ఊరుకున్నాను. ఇప్పుడు మా అమ్మని, ఆవిడ చేత్తో పండించిన పొత్తులకే, మిగిలితే అంటున్నారు.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక, వంటకి కావాలని అత్తగారి దగ్గర తాళంచెవి తీసుకున్నాను. రెండు సంచులూ, ట్రేల్లోని ఐసూ తీసి, పొయ్యికని ఉంచిన రంపపు పొట్టులో కప్పి గోనెపట్టాలో చుట్టాను. తాళంచెవి ఫ్రిజ్జుకే వదిలేశాను. అరుగు మీద అత్తగారు మూట చూసి, "ఎక్కడికే? సాయంత్రం మేనేజరుగారొత్తంటే?" అన్నారు.

"మా అమ్మకాడికి అత్తా. ఇంట్లో వంకాయలున్నాయి." మూట చంకనెత్తుకుని అరుగు దిగాను. "మీ అబ్బాయికి చెప్పండి. మా అమ్మకి పోగా మిగల్లేదని."

నౌపడాలో దిగి, పాతపట్నం వెళ్లే చిన్న రైలెక్కాను. మూట నుంచి నీళ్లు కారి చీర తడిసిపోయింది. ఎదురుగా ఉన్న గంపామె, సేపలా అమ్మా అని అడిగింది. పొత్తులన్నాను. మాఘమాసంలోనా అన్నట్టు చూసింది. నాకు భయంగానే ఉంది. తిరిగి వెళితే ఆ ఇంటి తలుపు తీస్తారో లేదో తెలియదు. అమ్మ ఇవి మింగగలదో లేదో తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు, నన్ను చూడగానే అడుగుతుంది, నువ్వు తిన్నావేటి అని. ఈసారి ఆవిడతో అబద్ధం ఆడను. అక్కడే, అందరి ఎదుటా, మూట విప్పి, ఒక సంచి ముడి తీసి, చల్లటి గింజలు గుప్పెడు నోట్లో పోసుకున్నాను.

తీపి చావలేదు.