గ్వోజ్దెన్ ప్లగ్గు

"తడి," అన్నాడు గ్వోజ్దెన్, అట్టల కట్ట మీద బూటు కాలు ఆనించి. "వందకి ఇరవై కిలోలు తీసేస్తున్నా."

"తడెక్కడిది గజ్డా? వారం నుంచి చినుకు పడలేదుగా," అంది నజ్లియా. చిత్తు కొనే గ్వోజ్దెన్‌ని అక్కడ అందరూ గజ్డా, అంటే యజమాని, అనే పిలుస్తారు.

"డిసెంబరు గాలికే తడి ఉంటుందమ్మా. ఇష్టం లేకపోతే పట్టుకుపో."

పట్టుకుపోవడానికి బండి కదలదని ఇద్దరికీ తెలుసు. తెల్లారినప్పటి నుంచి ఊళ్లో చెత్తకుండీలన్నీ తిరిగి నూట అరవై కిలోల అట్టలు ఏరింది. బ్యాటరీలో మిగిలిన కాస్త ప్రాణం బండిని ఈ గేటు దాకా తెచ్చి ఆగిపోయింది. ఇక్కడ ప్లగ్గు పెట్టుకుంటేనే ఇంటికి చేరేది.

ప్లగ్గుకి గ్వోజ్దెన్ పైసా అడగడు. అతని కరెంటు వాడుకున్నవాళ్లు అతనికే అమ్మాలి, అంతే. నది అవతలి డిపోలో కిలో అట్ట తొమ్మిది దినార్లు. ఇక్కడ ఐదు.

ఊళ్లోకి గుర్రబ్బళ్లు రాకూడదని బోర్డులు పెట్టినప్పుడు నజ్లియా మామ జెమాయిల్ గుర్రాన్ని అమ్మేశాడు. మూతబడిన రేడియో ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పని చేసిన మనిషి. మూడు చక్రాల సైకిలు చట్రానికి ఎవరో పారేసిన చక్రాల కుర్చీ మోటారు బిగించి, రెండు కారు బ్యాటరీలు కట్టి బండి తయారు చేశాడు. అది చూసి బస్తీలో మరో పదిమంది అలాంటివే చేయించుకున్నారు. ఏడాది తిరక్కుండా కరెంటు ఆఫీసువాళ్లు బస్తీ తీగలు కత్తిరించేశారు. మర్నాడే గ్వోజ్దెన్ తన గోడ వెంట పదకొండు ప్లగ్గులు పెట్టించాడు. ఎంత మంచివాడని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

నజ్లియా భర్త పోయి మూడేళ్లు. ఇంట్లో తనూ మామా, ఇద్దరే.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోతుంటే రొట్టెల కొట్టు పైకప్పు మీంచి ఇద్దరు పనివాళ్లు ఓ సోలార్ ప్యానెల్ దించుతున్నారు. వడగళ్లకు దాని అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు నెర్రెలు విచ్చింది.

"పారేస్తారా?" అంది.

"మోసుకుపోగలిగితే నీదే," అన్నాడు వాళ్లలో ఒకడు నవ్వుతూ. ఆమె మోసుకుపోయింది.

జెమాయిల్ రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. వేళ్లతోనే చూస్తాడు. ఆ పగుళ్లన్నీ తడిమాడు. వెనక తీగలు వెతికి పట్టుకుని, ఫ్యాక్టరీ రోజుల నాటి మీటరు తగిలించాడు.

"ఎండకేసి తిప్పు. ముల్లు ఎక్కడుంది?"

"ముప్ఫై ఒకటి మీద, మామయ్యా."

ముసలాయన పగిలిన అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. "పగిలింది అద్దమేనే పిల్లా. లోపల మనిషి బతికే ఉన్నాడు."

కానీ దాన్ని నేరుగా కలిపితే బ్యాటరీలు ఉడికిపోతాయి. మధ్యలో కరెంటును అదుపు చేసే చిన్న పెట్టె కావాలి. సంతలో నాలుగు వేలన్నారు. ఇంట్లో అమ్మదగ్గవి చలికాలానికి పేర్చుకున్న కట్టెలొక్కటే.

"సగం ఇచ్చెయ్," అన్నాడు జెమాయిల్.

"చలి ముందుంది. మీ ఛాతీ సంగతి మీకు తెలియదా?"

"నాకు కోటుంది. ఆ గ్వోజ్దెన్ గోడకి ఇంకో ఏడాది నువ్వు అతుక్కుని ఉండటం నేను చూడలేను. చూపు లేకపోయినా."

కట్టెలు పోయాయి. ప్యానెల్‌ని బండి మీద నిలబెట్టే చట్రానికి ఇనుము లేకపోతే జెమాయిల్ తన ఇనప మంచాన్నే కోయించాడు. ఆమె వద్దంటూనే కోసింది. ఆ రోజు నుంచి ఆయన పడక నేల మీదే.

నాలుగు రోజులు ఎండ కాసింది. నజ్లియా ఆ నాలుగు రోజులూ నది దాటింది. అవతలి డిపోలో ముసలి తూకందారు ఆమె బండి పైకప్పు చూసి టోపీ వెనక్కి నెట్టుకుని, "ఎండని కూడా పనిలో పెట్టావా, తల్లీ," అన్నాడు. నూరు కిలోలకు నూరే రాశాడు. వస్తూ మామకి కోడి మాంసం, సగం బస్తా బొగ్గు తెచ్చింది. జెమాయిల్ గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ ఆ నాలుగు రోజులూ ఒకటే కథ చెప్పాడు.

అయిదోరోజు పొగమంచు దిగింది.

అక్కడ శీతాకాలపు మంచు దిగితే పొయ్యిల పొగతో కలిసి గోడలా నిలబడిపోతుంది. ఒక రోజు చూసింది, రెండు రోజులు చూసింది. తొమ్మిది రోజులు సూర్యుడి జాడ లేదు. పెట్టె మీద చిన్న దీపం వెలగడం మానేసింది. నది అవతల అమ్మి వచ్చినదానికి గ్వోజ్దెన్ ప్లగ్గు ఇవ్వడు. నజ్లియా వీపు మీద మోసిన అట్టలతో రొట్టె మాత్రమే వచ్చింది. బొగ్గు అయిపోయింది. మిగిలిన కట్టెలూ అయిపోయాయి. జెమాయిల్ దగ్గు మొదట పొడిగా వచ్చింది, తర్వాత తడిగా వచ్చింది, తొమ్మిదో రోజు పొద్దున రాలేదు. దగ్గడానికి కావలసిన ఊపిరి ఆయన దగ్గర లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి.

పక్కింటివాళ్ల ఫోనులో అంబులెన్సును పిలిచారు. రహదారి మీద మంచులో బళ్లు గుద్దుకున్నాయట, రెండు గంటలు పడుతుందన్నారు.

మామని దుప్పట్లో చుట్టి బండిలో పడుకోబెట్టి, నజ్లియా భుజం ఆనించి తోసింది. గ్వోజ్దెన్ గేటు చేరేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసిపోయింది. గోడ దగ్గర ఏడు బళ్లు ప్లగ్గులకు తగిలించి ఉన్నాయి. మనుషులు వాటి పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

"ఒక్క గంట, గజ్డా. ఆసుపత్రి దాకా పోయేంత చాలు."

గ్వోజ్దెన్ దుప్పటి మూట కేసి చూశాడు. ప్యానెల్ కేసి ఇంకాసేపు చూశాడు.

"ఎండని అడక్కపోయావా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "చూడు, నేను రాక్షసుణ్ణి కాను. నీకిస్తాను. కానీ నీ బండి నెత్తిన ఆ తడిక చూసి రేపు ఇంకొకడు పెట్టుకుంటాడు, ఎల్లుండి ఇంకొకడు. దాన్ని విప్పి ఇక్కడ వదిలెయ్. ప్లగ్గు పెట్టుకో." జేబులోంచి రెంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నాలుగే బోల్టులు. నజ్లియా ఒకదానికి రెంచి తగిలించింది. తిప్పబోయింది.

దుప్పటిలోంచి చెయ్యొకటి బయటికి వచ్చి, గాలిలో వెతికి, ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏం విప్పుతున్నావే?"

"మామయ్యా, మీరు పోతే ఇదెందుకు నాకు!"

"నేను ఎలాగూ..." ఊపిరి కోసం ఆగాడు. "అది నువ్వు ఎవడి మోచేతికిందా నీళ్లు తాగకుండా బతికే దారి. ముట్టుకోకు."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే రెంచిని గ్వోజ్దెన్ కాళ్ల దగ్గర బురదలో పడేసి బండి వెనక్కి వెళ్లింది. తోసింది. చక్రం గుంటలో పడి ఉంది, కదల్లేదు. మళ్లీ తోసింది.

"ఉండక్కా."

మూడో ప్లగ్గు దగ్గర నిలబడ్డ జుమ్రా. ఆరు నెలల కడుపుతో ఉంది. తన బండి తీగని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"సగం కూడా నిండలేదు నీ బ్యాటరీ," అన్నాడు గ్వోజ్దెన్.

"మిగతా సగం నువ్వే తాగు, గజ్డా. చలిగా ఉంది."

"ఆ గేటు దాటితే రేపు ఇక్కడికి రాకు. చెప్తున్నా."

రేపటికి ఎక్కడికి పోవాలో జుమ్రాకి తెలియదు. అట్టలు కట్టే తాడు తీసి ఒక కొన తన బండికి, రెండో కొన నజ్లియా బండికి ముడివేసింది. మోటారు మూలిగింది. తాడు బిగుసుకుంది. చక్రం గుంటలోంచి పైకి లేచింది. ఆసుపత్రి మూడు కిలోమీటర్లు. నజ్లియా వెనక నుంచి తోస్తూ, "మామయ్యా, మాట్లాడుతూ ఉండండి, ఏదో ఒకటి మాట్లాడండి," అంటోంది. మంచు ముందు జుమ్రాని మింగింది, తర్వాత తాడుని, తర్వాత ఆ ఇద్దరినీ.

గ్వోజ్దెన్ వంగి రెంచి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇంకెవరైనా పోయేవాళ్లు ఉన్నారా?" అన్నాడు.

గోడ దగ్గర చివరి బండి ఎక్రెమ్‌ది, నలుగురు పిల్లల తండ్రి. అతను తల వంచుకునే ఉన్నాడు. అతని చెయ్యి మాత్రం ప్లగ్గు మీద ఉంది. పీకలేదు. చెయ్యి తియ్యనూ లేదు.