తొమ్మిది మ్యాచులు

నేను ఒక కంప్యూటర్ని. పాతదాన్ని. నా తెర ఒక దేశంలో, లోపలి చిప్పులు ఇంకో రెండు దేశాల్లో పుట్టాయి. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక ఇరుకు షాపులో, చెమట తుడుచుకుంటూ ఒకాయన స్క్రూలు బిగించి నాకొక రూపం ఇచ్చాడు. మొదట మూడేళ్లు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఉన్నాను. లెక్చరరు గదిలో ఉంటే ప్రోగ్రాములు, బయటికెళ్తే ఆటలు. నాలోకి ఫుట్‌బాల్ మేనేజరు ఆట ఎక్కించింది ఆ పిల్లలే. తరవాత ఒక ప్రైవేటు బడికి చేరాను. అక్కడ ప్రిన్సిపాల్ గదిలో నా మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు పెట్టారు. మనుషులు గౌరవించడం మొదలుపెట్టారంటే ఇక వాడరని అర్థం.

బడికి కొత్తవి వచ్చాక నన్ను పారేయబోతుంటే, డ్రిల్లు మేష్టారు ఎల్లాజీ "నాకిచ్చెయ్యండి సార్" అన్నాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని జ్ఞానాపురంలో తనుండే కింద వాటాకి తీసుకెళ్లాడు. అప్పటికి ఆయనకి యాభై మూడేళ్లు.

"ఈ డబ్బాతో ఏటి చేస్తారు?" అంది భార్య వరహాలు.

"ఇందులో ఫుట్‌బాల్ ఉందే" అన్నాడు.

ఆ ఆటలో బంతి తన్నేది మీరు కాదు. మీరు మేనేజరు. ఎవరు ఆడాలి, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపేయాలి, అది మీరు చెబుతారు. ఆడించేది నేను. ప్రతి క్లబ్బుకీ ఒక పెద్ద జట్టు, దాని వెనక ఒక రిజర్వు జట్టు ఉంటాయి. పెద్ద జట్టులో ఎవడి కాలో విరిగితే తప్ప రిజర్వు పేజీ ఎవరూ తెరవరు. కాలేజీ పిల్లలైతే మూడేళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు.

ఎల్లాజీ తీరు వేరు. పెద్ద జట్టుని నాకొదిలేసి, రిజర్వు జట్టుని తను తీసుకున్నాడు. ఒక్కొక్కడి పేరూ పైకి చదివాడు. ఎవడికి మోకాలి నొప్పి, ఎవడు ఎన్ని వారాల నుంచి ఖాళీగా ఉన్నాడు, అన్నీ బడి డైరీలో రాసుకున్నాడు. అందులో డెలిన్ అని ఎడమ అంచున ఆడే ఇరవైతొమ్మిదేళ్ల లెఫ్ట్ వింగరు ఉన్నాడు. నేను అంకెల్లోంచి పుట్టించిన మనిషే. ఎల్లాజీ మాత్రం పెద్ద జట్టు లిస్టులో వాడి పేరొస్తుందేమోనని ప్రతి శనివారం టీ చల్లారిపోయేదాకా కూర్చునేవాడు.

"అంత ఇష్టమైతే పెద్ద జట్టు మీరే తీసుకుని వాడిని ఆడించొచ్చు కదా" అంది ఒకసారి వరహాలు.

"అలా వేసుకుంటే ఏముందే? పెద్ద జట్టువాళ్లు చూసి పిలవాలి."

ఆయన కథ నాకు అలా ముక్కలు ముక్కలుగా తెలిసింది. కుర్రతనంలో ఎల్లాజీ, అన్న కనకారావు ఒక ఫ్యాక్టరీ జట్టులో ఆడారు. కనకారావు కెప్టెను; జట్టు రాసేదీ అతనే. తమ్ముడిది రిజర్వులో లెఫ్ట్ వింగ్. పెద్ద జట్టులో పది మ్యాచులు ఆడినవాడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయం చేసేవారు. అప్పుడప్పుడు పైకి పిలిస్తే ఎల్లాజీ అలాంటివి తొమ్మిది ఆడాడు. సీజను ఆఖరి మ్యాచ్ లిస్టులో అతని పేరు లేదు. ఆ వేసవిలోనే ఫ్యాక్టరీ రిజర్వు జట్టుని ఎత్తేసింది. కనకారావు ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఎల్లాజీ పాతికేళ్లుగా ఏడాదికోసారి కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టే డ్రిల్లు మేష్టారుగా ఉండిపోయాడు.

రెండో ఏడు వేసవిలో కనకారావు మోకాళ్లకి ఆపరేషనైంది. అతని ఫ్లాటు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పడంతో రెండు నెలలు ఉండడానికి తమ్ముడి ఇంటికొచ్చాడు. మొదటి వారం పేపరు చదివాడు. రెండో వారం నా ముందుకి కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వేంట్రా, రిజర్వు పట్టుకుని ఏలాడుతున్నావు? పెద్ద జట్టు నాకియ్యి."

ఆ మధ్యాహ్నాలు నేను చూసినవాటిలో మంచివి. ఇద్దరూ లుంగీల్లో, పక్కపక్కన కూర్చుని, మధ్యలో ఉడకబెట్టిన వేరుశెనగకాయలు. గోలు పడితే కనకారావు కట్టుకట్టిన కాలుతోనే లేవబోయేవాడు. వరహాలు వంటింట్లోంచి కేకలేసేది. ఎల్లాజీ అంత బిగ్గరగా నవ్వడం నేనప్పుడే విన్నాను.

"నీ దగ్గర లెఫ్ట్ వింగ్‌కి ఎవడైనా ఉన్నాడ్రా?" అని ఒకరోజు అన్న అడిగాడు.

ఎల్లాజీ డైరీ తీశాడు. డెలిన్ ఎన్ని గోల్స్ కొట్టాడో, ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాడో చెప్పాడు.

"సరే, వచ్చే మ్యాచ్‌కి చూద్దాం."

వచ్చే మ్యాచ్‌కి చూడలేదు. ఆపై మ్యాచ్‌కీ చూడలేదు. ఎల్లాజీ మళ్లీ గుర్తు చేయలేదు. ఆఖరి మ్యాచ్ కూడా అయిపోయింది. మర్నాడు ఎల్లాజీ బడి అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగడానికెళ్లాడు. ఆ వేళ కనకారావు నన్ను తెరిచి, వచ్చే సీజనుకి అక్కర్లేనివాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. తొమ్మిదిమంది. నాలుగోది డెలిన్.

సాయంత్రం ఎల్లాజీ చెప్పులైనా విప్పకుండా వచ్చి కూర్చున్నాడు. రిజర్వు పేజీ తెరిచాడు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు.

"డెలిన్ ఏడన్నయ్యా?"

"ఆ ముసలోడా? పంపేశాను. ముప్పై ఏళ్లొచ్చాయి, ఏం చేసుకుంటాంరా?"

ఎల్లాజీ మౌస్ పక్కకి జరిపాడు. తరవాత తెర వైపే చూస్తూ అడిగాడు.

"ఆ రోజు నా పేరెందుకు రాయలేదు?"

"ఏ రోజురా?"

"ఆఖరి లీగు మ్యాచ్. వానపడి గోల్‌పోస్టుల దగ్గర నీళ్లు నిలిచాయి. మనం రెండు ఒకటితో గెలిచాం."

కనకారావు దాటవేయలేదు. నిజంగానే ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"గుర్తు లేదురా" అన్నాడు చివరికి. "ఫ్యాక్టరీ మేనేజరుగారు ఎవణ్ణో వెయ్యమని ఉంటారు. లేకపోతే నేనే పాత లిస్టు ఎత్తి రాసేసుంటాను. అయినా ఇప్పుడెందుకు?"

"అది నాకు పదో మ్యాచ్."

కనకారావు కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. "నీకు తొమ్మిదే అయ్యాయని నాకు తెలీదు. మరి చెప్పొచ్చు కదరా?"

"నువ్వు నా అన్నవి. లెక్క నీ దగ్గరుంటుందనుకున్నాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ముప్పై ఏళ్లుగా ఎల్లాజీ దాచుకున్నది ఒక అన్యాయం. తన మీద ఎవరికో అసూయ ఉందనో, ఇంటివాడిని పైకి తెస్తే మాటొస్తుందని అన్న జంకాడనో, ఏదో ఒక కారణం. ఇప్పుడు ఆ కారణం కూడా లేదు. అన్న తనని తొక్కలేదు. చూడలేదు, అంతే.

"ఆట సేవ్ చేసుంది కదా, వెనక్కెళ్లి వాడిని మళ్లీ తెచ్చుకో" అన్నాడు కనకారావు.

"వొద్దులే అన్నయ్యా. టీ తాగుతావా?"

వారం తిరక్కుండా కనకారావు వెళ్లిపోయాడు. తమ్ముడే ఆటో మాట్లాడి, మూడంతస్తులూ చెయ్యి పట్టుకుని ఎక్కించి, మందులు సర్దిపెట్టి వచ్చాడట. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను కంచరపాలెంలో పాత సామాన్ల కొట్టులో, మూత ఊడదీసి, తడి గోడకి ఆనించి ఉన్నాను. ఇక్కడికి రాకముందు ఎల్లాజీ ఆడిన చివరి సీజను సంగతి చెప్పాలి.

కొన్నాళ్లు ఆయన నా జోలికి రాలేదు. తరవాత ఒక ఆదివారం వచ్చి, కొత్త ఆట మొదలుపెట్టి, మొట్టమొదటిసారి పెద్ద జట్టు తీసుకున్నాడు. రిజర్వు జట్టుని నాకొదిలేశాడు. బాగా ఆడించాడు. నలభై మ్యాచుల్లో ముప్పై గెలిచాడు. కప్పు వచ్చిన రోజు వరహాలుని పిలిచి చూపించాడు. "మొత్తానికి సాధించారు" అంది ఆవిడ, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ.

ఆ ఏడంతా ఎల్లాజీ రిజర్వు పేజీ తెరవలేదు. వాళ్ల మ్యాచులు నేనే ఆడించాను. ఎనిమిది ఓడారు, మిగతావి గెలిచారు. అందులో ఒక లెఫ్ట్ వింగరు పదిహేడు గోల్స్ కొట్టాడు.

సీజను ముగిశాక తెర మీద ఒక ప్రశ్న వేశాను. కాంట్రాక్టు గడువు తీరిన రిజర్వు ఆటగాళ్లు ఇరవైరెండుమంది. ఉంచాలా, పంపాలా? కింద పేర్లన్నీ వరసగా రాసి చూపించాను.

"అన్నం వడ్డించాను, రండి" అంది వరహాలు.

"వస్తున్నా" అంటూ ఎల్లాజీ "అందరినీ పంపు" అన్నచోట ఒక్క నొక్కు నొక్కి, కుర్చీ వెనక్కి తోసి లేచాడు. పేర్లు చదవలేదు.