ఇంకా వివరంగా రాయి

భోజనాల తర్వాత నలభై నిమిషాలు ఏడో తరగతిలో ఎవరి కథ వాళ్లు చదువుకోవాలి. చదివాక మనసుకు తోచిన మాట ఒక చీటీ మీద రాసి ఆ పేజీలోనే పెట్టాలి. టీచరమ్మ దాని కింద జవాబు రాస్తుంది. పిల్లలు కథతో మాట్లాడాలని ఆవిడే పట్టుబట్టి పెట్టిన పద్ధతి. మంచిదే, ఎవరు కాదన్నారు? కాకపోతే నలభైమంది పిల్లలు, నలభై చీటీలు. పోనుపోను సరిగా చదవకుండానే అన్నిటికిందా ఒకటే మాట గిలికేది: "బాగుంది. ఇంకా వివరంగా రాయి."

కిందటేడు కిటికీ పక్కన ఒక పిల్ల కూర్చునేది. నోరు విప్పి ఎరగదు గనక తోటిపిల్లలు వెటకారంగా పిచ్చుక అని పిలిచేవాళ్లు. ఇల్లు వదిలిపోయే అమ్మాయి కథ చదివి ఇలా రాసింది: "ఈమె వెళ్లిపోతుందని నాకు ముందే తెలుసు. దిండు తీసేసి బట్టల సంచి తలకింద పెట్టుకుంటోంది కదా. అలా పడుకుంటే మెడ నొప్పి పుడుతుంది."

మెడ నొప్పి సంగతి కథలో లేనే లేదు. టీచరమ్మ గమనిస్తేగా! అలవాటైన మాట గిలికి పక్కన పెట్టేసింది. వారం తిరక్కుండా పిచ్చుక ఇంట్లోంచి వెళ్లిపోయింది. ఈనాటికీ జాడ లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు ఆ చీటీ. కుమిలి కుమిలి ఏడ్చింది, ఎవరికీ చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

చీటీ తీసేందుకు కూడా ధైర్యం చాలక, ఆ పుస్తకాన్ని బీరువా అడుగుకు తోసేసింది. కిటికీ పక్క చోట ఎవరినీ కూర్చోనివ్వలేదు. అయినా రోజూ ఆ వైపు నుంచి పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది. తలెత్తి చూస్తే ఖాళీ బల్ల.

ఇవాళ నిన్నటి చీటీలు దిద్దుదామని కూర్చుంటే, పుస్తకాల దొంతరలో అన్నిటికంటే పైన ఆ పుస్తకమే ఉంది. బీరువా సర్దిన పిల్లలు బయటికి తీసినట్టున్నారు. తెరిచింది. అదే చీటీ. కింద తన రాత. దాని కింద పెన్సిలుతో కొత్తగా ఒక వాక్యం: "నాలుగు రాత్రులైతే మెడకి అలవాటైపోతుంది."

"వచ్చిందా?" అని పైకే అనేసింది. కిటికీ వైపు చూడాలంటే భయం. చచ్చినట్టు చూసింది. బల్ల ఖాళీగానే ఉంది.

అప్పుడు తరగతినంతా కలయజూసింది. అందరూ తలలు వంచుకుని చదువుతున్నారు. మూడో వరసలో నెల కిందట చేరిన కొత్తమ్మాయి ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, రెండో చేత్తో మెడ వెనక నొక్కుకుంటోంది.

టీచరమ్మ వెళ్లి ఆ పిల్ల పక్కన నేలమీద చతికిలబడింది.

"సంచిలో ఏం సర్దుకున్నావు తల్లీ?" అంది గుసగుసగా.

పిల్ల బిత్తరపోయింది. పుస్తకం మూసేసింది.

"రెండు జతల బట్టలు," అంది. "రేపటికి."

"ఎందుకమ్మా? ఏమైంది?"

"ఆ చీటీ రాసిన అక్కని ఇంకా వివరంగా రాయమన్నారు కదా టీచర్. నేను రాద్దామనుకున్నాను. చీటీలో చోటు లేదు."

ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది. "రాయక్కర్లేదు. నాకు చెప్పు. మొత్తం చెప్పు."

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికి పరుగెత్తారు. ఆవిడ లేవలేదు. కొత్తమ్మాయి మెల్లగా మొదలుపెట్టింది. మధ్యలో కిటికీ పక్కన పేజీ తిరిగిన చప్పుడైంది. టీచరమ్మ ఈసారి పిల్ల మొహం మీదనుంచి చూపు తిప్పలేదు.