పట్నం పోయిన టేకుచెట్లు

పొద్దు నడినెత్తికొచ్చింది. పొద్దుటినుంచి గొడ్డలి పట్టుకుని నిలబడ్డ పగిడయ్యకు కాళ్లు లాగుతున్నాయి. అతను ఆ కోయగూడెం పూజారి. దేవర వనంలో పూజారి ఇంటివాళ్లు మొదటి దెబ్బ వేయనిదే కూలీలెవరూ గొడ్డలెత్తరు. అందుకే ఫారెస్టు గార్డు సీతయ్య అతణ్ణి వదలడంలేదు.

"రోజుకు పన్నెండు రూపాయలిస్తున్రు. నీ పోడు జోలికి గూడ రానంటిని. ఇంకేంది? జల్దీ కానియ్!"

పోడంటే అడవి కొట్టి చేసుకున్న మూడెకరాల జొన్నచేను, పాలుపోసుకుంటున్న కంకులు. అది పోతే ఇంట్లో ఐదు నోళ్లకు అడవిదుంపలే గతి. ఆ సంగతి తెలిసే అన్నాడు సీతయ్య.

పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు వెంకటనారాయణ చెడ్డవాడేం కాదు. తన భవనం తప్ప మరేదీ కంటికి ఆననివాడు. ఫొటో తీసి చూపించాడు. విశ్వవిద్యాలయ గ్రంథాలయమట. నల్లరాతి కమానులు, రెండంతస్తుల ఎత్తున చదువుకునే హాలు, ఈ గోడనుంచి ఆ గోడకు అతుకులేకుండా ఏడు టేకు దూలాలు.

"యాభై ఏళ్ల కట్టడమయ్యా. దూలాలు మీ అడవివే. రెండు చెదపడితే తీసేశాం. అంత పొడుగు మాను ఇంకెక్కడా దొరకడంలేదు."

ఆ ఏడు చెట్లనూ వెట్టిచాకిరీలో నరికింది పగిడయ్య తండ్రే. నరికి, భయపడి, గూడేనికొక కట్టడి పెట్టాడు. చెట్లు పట్నంలో కొలువుకు పోయాయి, ఏటా వాటి వాటా వాటికి పెట్టాల్సిందే. అప్పట్నుంచి కొత్తపంట ముట్టే కొత్తల పండుగనాడు ఏడు దొప్పల్లో ఇప్పపువ్వు పెట్టి, పట్నం ఉన్న పడమటికి మొక్కుతున్నారు. గింజలేని కరువులో కూడా మానలేదు.

"తీసేసిన రెండు యాడున్నయి సారూ?"

"అవా? వేలంలో హోటలువాడెవడో పొయ్యిలోకి కొనుక్కుపోయాడు. నాలుగేళ్లయింది."

నాలుగేళ్లు! పిల్లల నోటిముందరి ఇప్పపువ్వు తీసి బూడిదకు మొక్కారు. చదువుకున్నోళ్ల ఇల్లు కదా, మనవాళ్లను మంచిగా చూసుకుంటారని నమ్మాడు పగిడయ్య, అమాయకుడు. గొడ్డలి కింద పెట్టాడు.

"నేను కొట్ట."

"చేను పోతదిరా!"

"ఎరుకే. అయినా కొట్ట."

సీతయ్య సైగ చేశాడు. అతని మనుషులు పశువుల మందను చేలోకి తోలారు. కాసేపటికి జొన్నకర్రలు విరుగుతున్న చప్పుడు, పగిడయ్య భార్య జంపక్క శాపనార్థాలు వినిపించాయి. పగిడయ్య కొట్టమన్న మానుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"పోతయ్యా, నువ్వూ పూజారి ఇంటోనివే గద. నువ్వెయ్ దెబ్బ," అన్నాడు సీతయ్య.

పోతయ్య పగిడయ్య సొంత తమ్ముడు. వాడి చేను పక్కచేనే. మంద అప్పుడే గట్టు దగ్గరికొచ్చింది. మిగతా కూలీలు గొడ్డళ్లు కింద పడేశారు. పోతయ్య పడెయ్యలేదు.

"అన్నా, జర పక్కకు జరుగు," అన్నాడు ఏడుస్తూ.

పగిడయ్య జరగలేదు.